అన్న ఆర్పించిన కర్పూరం

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మా ఇంటికి పూలు తెచ్చే ఆమె. ఆమె పూలు ఆళ్లగడ్డ వైపు తోటల నుంచి మొదటి బస్సులో నంద్యాలకు వస్తాయి. పూలతో పాటు అక్కడి కబుర్లూ వస్తాయి. రోజూ మా దేవుడికి ఇన్ని విడిపూలు గడప మీద పెట్టి, నిలబడకుండా బజారుకు పోయే మనిషి, ఆ రోజు గంప దించి కూర్చుంది.

"అక్కా, సారు లేచినాడా?"

"లేచి గ్రౌండుకు పోయినాడు. ఏం?"

"ఆళ్లగడ్డలో బంతాట నేర్పిస్తాడే, మీ సారు శిష్యుడు, వాణ్ణి పోలీసోళ్లు పట్టుకపోయినారంట. ఆడపిల్లోళ్ల విషయంలో. ఒక పాప ఇంట్లో చెప్పిందంట." గొంతు తగ్గించి అంది. "వాని సంగతి సారుకు ముందే తెల్సని గూడా అంటాండారు. నేను నమ్మల్యా. నువ్వు చెప్పక్కా, తెల్సునా?"

నా ఒళ్లో నందివర్ధనాలు ఉన్నాయి. ఒక్కొక్కటే తొడిమ తుంచుతూ ఉండిపోయాను. ఆమె కొంచెంసేపు చూసి గంప ఎత్తుకుంది.

"గమ్మునున్నావంటే తెల్సునన్నట్టే" అని వెళ్లిపోయింది.

సారు అంటే మా అన్న. నంద్యాలలో ఫుట్‌బాల్ ఆడిన ఎవరిని అడిగినా 'సారు' అంటే ఒక్కరే. ఆయన గురించి రాయాలంటే ముందు నా గురించి కొంచెం చెప్పుకోవాలి. నాకు చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె బలహీనపడింది. పరుగెత్తొద్దు, మెట్లెక్కొద్దు అని డాక్టరు అన్నాక మా వాళ్లు బడే మాన్పించారు. నాకు అక్షరాలు నేర్పింది అన్న. బడి నుంచి వచ్చి, పలకా బలపం అక్కర్లేదని, పేపరు ఆఖరి పేజీ నా ముందు పరిచేవాడు. ఆయనకు ఆ పేజీ ఒక్కటే పేపరు. అందుకే నేను జీవితంలో మొదట కూడబలుక్కుని చదివిన పెద్ద మాట 'క్వార్టర్ ఫైనల్'. స్తోత్రాలూ పురాణాలూ చదువుకున్నది ఆ తర్వాతే. దేవుడి దగ్గరికి నన్ను మా అన్న ఫుట్‌బాల్ దారిన నడిపించాడని నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకునేటప్పుడు అనుకుంటాను.

మాది కిరాణా అంగడి. అన్న అంగట్లో కూర్చోవాలని నాయన ఆశ. అన్న మాత్రం పొద్దున్నే నల్లరేగడి మైదానంలో ఉండేవాడు. వాన పడితే ఆ మట్టి బూట్లకు పట్టుకుని ఒక్కో కాలు కుండంత అయ్యేది. గుమ్మంలో ఆయన బూట్లు చూసి నాయన, అంగడికి వచ్చినవాళ్లతో అనేవాడు.

"తక్కెడ కాడ కూచోవాల్సినోడు బంతెనక పరిగెత్తుతాండాడప్పా. ఆ బంతి ఏమన్నా తూకానికి వస్తాదేమో అడగండి."

అన్న నవ్వేవాడు. ఒక బడిలో వ్యాయామం మాస్టరుగా చేరాడు. బడి పనికి ముందూ తర్వాతా ఊరి పిల్లలను పోగేసి జట్టు కట్టాడు. ఎవరూ జీతం ఇచ్చే పని కాదు అది. ఆటోవాళ్ల పిల్లలు, కూరగాయలవాళ్ల పిల్లలు, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే రైతుల పిల్లలు. వాళ్లు పెద్దయి, వాళ్ల పిల్లలు వచ్చి ఆడేదాకా ఆ గీత దగ్గర మా అన్నే ఉన్నాడు, భుజాన ఒక తుండుతో. అరిచేవాడు కాదు. ఆట బాగా లేకపోతే ఆ తుండును పిండుతూ ఉండేవాడు. తుండు ఎంత మెలి తిరిగితే అంత కోపమని పిల్లలకు తెలుసు.

ఆ జట్టులో నాకూ ఒక పని ఉంది. రాత్రి శనగలు నానబెట్టడం. పొద్దున వాటిని వడగట్టి, బెల్లం ముక్కలు కలిపి, స్టీలు డబ్బాలో పోసి ఇచ్చేదాన్ని. ప్రాక్టీసు అయ్యాక అన్న వాటిని గుప్పెడు గుప్పెడు పంచేవాడు. అందులో ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఆ రోజు ఎవరు తప్పు ఆడారో, ఎవరి వల్ల గోలు పోయిందో, మొదటి గుప్పెడు వాళ్లకు.

"అదేం న్యాయం?" అని మా వదిన ఒకసారి అడిగింది. "గోల్ కొట్టినోడు కడుపు మాడ్చుకోవాల్నా?"

"గోల్ కొట్టినోడు రేపు ఎట్లైనా వస్తాడు. తప్పు చేసినోనికి ముందు పెట్టకపోతే వాడు రేపు రాడు" అన్నాడు అన్న.

ఆ మాట విని నేను ఆ రోజు దేవుడి ముందు కూర్చుని ఇలాంటి అన్నను ఇచ్చినందుకు కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడూ ఆ మాట తప్పని అనను. కానీ మైదానంలో పాసు తప్పినవాడికీ, ఒక పిల్లకు కీడు చేసినవాడికీ ఒకే గుప్పెడు సరిపోదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ రెండోవాడు, పూలామె చెప్పిన ఆ శిష్యుడు, మా ఇంట్లో తిని పెరిగినవాడే. తల్లిదండ్రులు లేరు. అన్న జట్టులో ఆడి, ఆట వయసు దాటాక అన్నకు చేదోడుగా నిలిచాడు. ఆడపిల్లల జట్టు మొదలుపెట్టినప్పుడు వాళ్లకు పరుగులు, వ్యాయామాలు చేయించేది అతనే. పండగకు అన్న తనకు బట్టలు తీస్తే అతనికీ తీసేవాడు. నన్ను 'అత్తా' అని పిలిచేవాడు.

ఆడపిల్లల జట్టు గోల్‌కీపర్ శిరివెళ్ల మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చేది. రైతుల ఇంటి పిల్ల. పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. దుక్కి దున్నే ట్రాక్టరు మీద నిలబడి అలవాటైన కాళ్లు, ఎంత గట్టిగా వచ్చే బంతికైనా బెదరవని అన్న మురిసిపోయేవాడు. ఒకరోజు ఆ పిల్ల ప్రాక్టీసు బట్టల్లో కాకుండా లంగా ఓణీలో, వాళ్లమ్మతో కలిసి మా ఇంటికి వచ్చింది. అన్న వరండాలో కుర్చీలు వేయించాడు. నేను లోపల దేవుడి గదిలో దీపం సర్దుతున్నాను. ఆ గదికీ వరండాకూ మధ్య ఒక కిటికీయే.

ఆ పిల్ల తల వంచలేదు. చెప్పవలసింది చెప్పింది. అతను ఫోన్‌లో రాయకూడని మాటలు రాస్తున్నాడని, ప్రాక్టీసు అయ్యాక ఒంటరిగా ఉండమంటున్నాడని, తను ఉండనంటే జట్టులో చోటు పోతుందని బెదిరించాడని. ఇంకా కొన్ని చెప్పింది. అవి నేను రాయను. అవి ఆమెవి.

అన్న ఆ పిల్లను అనుమానించలేదు. ఇది చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. విన్న వెంటనే ఆయన తుండు మెలి తిరిగిపోయింది. "నేను చూసుకుంటానమ్మా" అన్నాడు. చూసుకున్నాడు కూడా, ఆయనకు తెలిసిన పద్ధతిలో.

మా వైపు ఒక మాట గట్టిగా తేలాలంటే కర్పూరం ఆర్పిస్తారు. గుడి ముందర కర్పూరం వెలిగించి, తప్పు చేసినవాడు దాని మీద అరచెయ్యి కొట్టి ఆర్పి, ఇక చెయ్యనని ప్రమాణం చేయాలి. పొలం గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల మాటపట్టింపు అయినా అక్కడితో ఆఖరు. కర్పూరం ఆరిన తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఎత్తినవాళ్లకే దోషం అంటారు. అన్న అతన్ని ఊరి బయట ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయాడు. ఆ పిల్లనూ వాళ్లమ్మనూ రమ్మన్నాడు. అతను ఏడ్చాడట. చెయ్యి కాలేలా కొట్టి ఆర్పాడట. వాళ్లమ్మ కూడా "ఇంగ చాల్లే సార్, దేవుడు చూసుకుంటాడు" అందట.

గుడి నుంచి తిరిగి వస్తూ అన్న, ఆ పిల్ల, వాళ్లమ్మ మా ఇంట్లో ఆగారు. వదిన మజ్జిగ ఇచ్చింది. అప్పుడు ఆ పిల్ల అడిగింది.

"సార్, రేపట్నుంచి గ్రౌండులో ఆయప్ప ఉంటాడా?"

"లేదు మ్మా. వాణ్ణి ఆళ్లగడ్డకు పంపిస్తాండా. ఆడొక బడి గ్రౌండు ఉండాది. నీ కండ్లకు కనపడడు."

ఆ పిల్ల మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. కిటికీ ఇవతల నుంచి నేను విన్నాను.

"ఆళ్లగడ్డలో ఆడపిల్లోళ్లు ల్యారా సార్?"

ఎవరూ జవాబు చెప్పలేదు. వాళ్లమ్మ "సారుతో అట్ల మాట్లాడతారా, లెయ్యి" అని చెయ్యి పట్టుకుని లేపింది. ఆ పిల్ల మళ్లీ గ్రౌండుకు రాలేదు. అన్న కబురు పంపాడు, రాలేదు. గోలు ముందర ఇంకొకరు నిలబడ్డారు.

అదంతా జరిగిన కొన్నేళ్లకు పూలామె ఆ వార్త తెచ్చింది. ఆ తర్వాత మా ఇల్లు రోజూ నిండిపోయింది. పాత శిష్యులు, బజారు పెద్దలు. మైదానంలో కొత్తగా కట్టిన గ్యాలరీకి అన్న పేరు పెట్టాలని అంతకు ముందే అందరూ అనుకుని ఉన్నారు. ఇప్పుడు ఆ పేరును కాపాడటమే అందరి పని అయింది. ఆళ్లగడ్డ పిల్ల చెప్పేది అబద్ధమని, జట్టులో చోటు దక్కనందుకు పగబట్టి చెబుతోందని అతని తరఫువాళ్లు అంటున్నారు. అతనికి ఇలాంటి అలవాటు ముందు నుంచి ఉందని చెప్పగలిగిన పెద్దమనిషి ఒక్కడే. మా అన్న. విచారణకు వచ్చిన అధికారి అన్నను ఆళ్లగడ్డకు రమ్మంది.

"నాకు తెల్దు అని ఒక్క మాట చెప్పి వచ్చేయ్ సార్" అన్నాడు ఒక పాత శిష్యుడు. ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. "గుడి సంగతి ఎవరికి తెల్సు? తెల్సినోళ్లు ఎవరూ నోరు ఎత్తరు."

"ఎత్తగూడదు గూడా" అన్నాడు ఇంకొకాయన. "కర్పూరం ఆరిపాయె. నువ్వు ఎత్తితే నీకే దోషం సామీ."

అన్న తుండు ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. అందరూ వెళ్లాక వదిన గ్లాసులు తీస్తూ అంది.

"దేవునికి కావలి పని పెట్టి నువ్వు ఇంటికొచ్చి పండుకుంటివి. ఆయన ఎన్ని గ్రౌండ్లు కాస్తాడు పాపం?"

అన్న ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం నేను దేవుడికి హారతి ఇచ్చే వేళకు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చిన్నప్పుడు పేపరు పరచి నాకు చదువు చెప్పిన చోటే అది.

"పాపా, నేను ఆ బిడ్డ మాట నమ్మలేదంటావా?"

"నమ్మినావన్నా."

"నమ్మబట్టే కదా ప్రమాణం చేయించినా. దేవుణ్ణి నమ్మడం తప్పా?"

హారతి పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది. రోజూ చూసేదే. అది తనంతట తాను చివరిదాకా కాలి, పళ్లెంలో మరక కూడా మిగల్చకుండా పోతుంది. గుడి ముందర చెయ్యి కొట్టి ఆర్పిన కర్పూరం అట్లా కాదు. సగం ముక్క అక్కడే నల్లగా పడి ఉంటుంది. నాకు శాస్త్రం తెలియదు. ఇంట్లో కూర్చుని చదువుకున్నదాన్ని. నాకు కనిపించింది మాత్రం చెప్పాను.

"దేవుణ్ణి నమ్మడం తప్పు కాదన్నా. ఆ పాప ఒక మాట అడిగింది. ఆ మాటకు మనం జవాబు చెప్పలేదు. ఇప్పుడు ఆళ్లగడ్డ పాప చెప్పింది. ఇంగ దోషమెక్కడిది? దాచిపెడితే దోషం."

అన్న హారతి కళ్లకద్దుకుని అన్నాడు. "ముందు ఆ బిడ్డను అడగల్ల. ఆమె సంగతి ఆమెను అడక్కుండా యాడా చెప్పగూడదు."

మరుసటి పొద్దున ఇద్దరం బస్సెక్కాం. నేను అలవాటు కొద్దీ శనగల డబ్బా సంచిలో పెట్టుకున్నాను. శిరివెళ్లలో దిగి ఆటోలో ఆ పల్లెకు పోయాం. ఆ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు. కళ్లంలో ట్రాక్టరు ట్రక్కు మీద నిలబడి, కింది నుంచి అందిస్తున్న మిరపకాయల బస్తాలు అందుకుంటోంది. బంతి అందుకున్నట్టే, రెండు చేతులతో, గుండెకు ఆనించుకుని. మమ్మల్ని చూసి దిగింది. కూర్చోమనలేదు. నీళ్లు మాత్రం ఇచ్చింది.

అన్న సంగతి చెప్పాడు. "నువ్వు చెప్పిన మాట, నేను చేయించిన ప్రమాణం, ఆడ చెప్పల్లనుకుంటాండా. నువ్వు వద్దంటే నిన్ను ఈడ్చుకురాను. నా మటుకు నేను వాని సంగతి తెల్సునని చెప్పి వస్తా."

అన్న నా సంచిలోంచి డబ్బా తీసి ఆమె ముందర పెట్టాడు. ఆమె మూత తీసి చూసి నవ్వింది. మంచి నవ్వు కాదు.

"తప్పు చేసినోళ్లకే కదా సార్ నువ్వు ముందు పెడతావు? నేనేం తప్పు చేసినా?"

అన్న తల దించుకున్నాడు. "నీకు ఎప్పుడో పెట్టాల్సింది మ్మా. వానికి పెట్టినా."

ఆమె మూత బిగించి డబ్బా నా చేతికిచ్చింది. ట్రక్కు వైపు రెండడుగులు వేసి ఆగింది.

"నా పేరు చెప్పొద్దు సార్. ఇంట్లో మా ఆయనోళ్లకు తెల్దు. నేను అడిగిన మాట ఉంది చూడు, అది చెప్పు. అట్లనే చెప్పు, మార్చొద్దు."

అక్కడి నుంచి నేరుగా ఆళ్లగడ్డకు పోయాం. విచారణ ఒక ప్రభుత్వ ఆఫీసు గదిలో జరిగింది. బయట బెంచీ మీద ఆళ్లగడ్డ పిల్ల తల్లి కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. శనగలు పెట్టబోయాను, ఆమె తీసుకోలేదు. తీసుకోవాలని నేను అనుకోనూ లేదు. తలుపు తీసే ఉంది. అన్న గొంతు మాకు వినబడుతూనే ఉంది. ఆయన నిలబడే చెప్పాడు. నాకు ముందే తెలుసు అన్నాడు. ఒక బిడ్డ నా ఇంటికొచ్చి చెప్పింది, నేను పోలీసులకు చెప్పలేదు, గుడికి తీసుకుపోయి కర్పూరం ఆర్పించి, వాణ్ణి ఈ ఊరికి పంపింది నేనే అన్నాడు. ఆ బిడ్డ పేరేమిటని అధికారి అడిగింది.

"పేరు చెప్పొద్దని మాట తీసుకుందమ్మా. ఆమె అడిగిన మాట మాత్రం చెప్పమంది. 'ఆళ్లగడ్డలో ఆడపిల్లోళ్లు ల్యారా సార్' అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఈ పొద్దు చెప్తాండా. ఉండారు."

నా పక్కనున్న తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆ గదిలో ఆమె బిడ్డ మాట నిలబడింది. అన్న బయటికి వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"ముందే చెప్పింటివంటే సార్..." అంది. అన్న చేతులు జోడించాడు.

అతను ఇప్పుడు జైల్లో ఉన్నాడు. పిల్లల విషయంలో ఇలాంటిది తెలిసీ చెప్పకపోవడం కూడా చట్టం ముందు నేరమేనట. అన్న మీద కూడా కేసు ఉంది. వాయిదాలకు తనే పోయి వస్తాడు. గ్యాలరీకి ఆయన పేరు పెట్టలేదు. గ్రౌండులో అడుగు పెట్టొద్దని చెప్పారు, పెట్టడం లేదు. బజారులో కొందరు పాత శిష్యులు ఎదురుపడితే పక్కకు తిరుగుతారు. కొందరు ఇంకా వచ్చి కాళ్లకు దణ్ణం పెడతారు. ఇద్దరి మీదా అన్నకు కోపం లేదు. పొద్దున అలవాటుగా మెలకువ వస్తే వరండాలో కూర్చుంటాడు, తుండు భుజాన వేసుకుని.

నాకు అక్షరం ఇచ్చిన మనిషి ఆయన. ఎందరో పిల్లలకు ఆట ఇచ్చాడు. తప్పు తన నోటితో చెప్పే ధైర్యం ఆఖరికి ఆయనకు ఇచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఎందుకింత ఆలస్యంగా ఇచ్చావని కూడా అడుగుతూనే ఉంటాను.

ఇప్పుడు నంద్యాల గ్రౌండులో ఆడపిల్లలకు ఒక ఆడమనిషే ఆట నేర్పిస్తోందని పూలామె చెప్పింది. "ఆ గోడ మీద ఏదో నంబరు గూడా రాసినారక్కా, ఎవరేమన్నా చేస్తే పిల్లోళ్లు ఫోన్ చెయ్యాలంట." శనగలు నేను ఇంకా నానబెడుతున్నాను. డబ్బా ఆమె గంపలో పెట్టి పంపిస్తాను, ఎవరి ఇంటివో చెప్పొద్దని. పంచేటప్పుడు మొదటి గుప్పెడు ఎవరికి పోతుందో నాకు తెలియదు.

ఇది చదివినవాళ్లు మా అన్నను తలుచుకుంటారో తిట్టుకుంటారో, అది మీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. మీ ఊళ్లో ఎవరైనా ఒకణ్ణి మందలించి, వేరే చోటికి పంపేసి, ఇక సరిపోయిందని చేతులు దులుపుకునే రోజు వస్తే, శిరివెళ్ల వైపు పల్లెలో మిరప బస్తాలు అందుకుంటున్న ఆమెను గుర్తు చేసుకోండి. ఆమె పేరు నేను రాయలేదు, ఆమె వద్దంది కాబట్టి. మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఆమె అడిగిన ఆ మాటతోనే ఆమెను గుర్తుపెట్టుకోండి.